కదలిక యే దిక్కునకు? కన్నిచ్చు తీర్పు



పున్నమినాటి రాత్రి ఆరుబయట మంచముపై పరుండిన పసివాడు మబ్బులనడుమ చంద్రుని జూచి, "తాతా! చందమామ ఎక్కడికి పరిగెత్తుతున్నాడు?" అని యడుగును. "చందమామ కాదురా, పోయేవి మబ్బులు" అని తాత చెప్పును. పసివాడు మరల చూచును. తాత మాట విన్న పిమ్మటను వానికి చంద్రుడే పరుగెత్తుచున్నట్లు కనబడును. నిజమునకు తాతకును అట్లే కనబడును. ఎనుబదియేండ్ల యనుభవము గాని, సత్యము తెలిసిన జ్ఞానము గాని ఆ కనబడుటను మాన్పజాలదు. ఒక వస్తువు కదలుచున్నదనియు, అది ఫలానా దిక్కునకు పోవుచున్నదనియు మానవుని కెట్లు తెలియును? తెలిసినదానిలో పొరపాటెట్లు దొరలును? నేటి యుపన్యాసమునకు విషయమిదియే.

ఇది వినోదమునకు మాత్రమే పనికివచ్చు ప్రశ్న కాదు. వచ్చు బస్సును జూచి రోడ్డు దాటు వృద్ధుడు, రైలుపట్టాల యొద్ద నిలిచిన బండివాడు, మీదికి దూకు ఎద్దును తప్పించుకొను కాపరి, వీరందరి ప్రాణములును ఈ యొక్క నిర్ణయముమీద నిలిచియున్నవి. న్యాయస్థానమున "కన్నులార చూచితిని" అని ప్రమాణము చేయు సాక్షి మాటకు ఎంత విలువ నీయవలెనో తెలియుటకును ఈ ప్రశ్నయే ఆధారము.

పూర్వులు దీనిని గమనింపకపోలేదు. క్రీ. శ. 499 నాటికి ఇరువదిమూడేండ్లవాడైన ఆర్యభటుడు తన ఆర్యభటీయమునందలి గోళపాదమున, పడవలో ముందునకు పోవువానికి గట్టుమీది కదలని వస్తువులు వెనుకకు పోవునట్లు తోచుటను దృష్టాంతముగ జెప్పి, కదలని నక్షత్రములు పడమరకు పోవుచున్నట్లు కనబడుటను దానితో పోల్చెను. గౌడపాదాచార్యుల మాండూక్యకారికలలో నాల్గవ ప్రకరణమునకు అలాతశాంతి యని పేరు. అలాతమనగా కొరవి. కొరవిని గిరగిర త్రిప్పినచో చీకటిలో నిప్పుచక్రము కనబడును; త్రిప్పుట మానినచో చక్రము లేదు. ఏడవ శతాబ్దపు బౌద్ధతార్కికుడు ధర్మకీర్తి న్యాయబిందువున భ్రాంతికి కారణములను లెక్కించుచు, వేగముగ త్రిప్పుటను, పడవ ప్రయాణమును అందు చేర్చెను. భ్రాంతి యున్నదని పూర్వు లెరుగుదురు. కంటిలోను మెదడులోను అది యెట్లు పుట్టుచున్నదో గడచిన రెండువందల యేండ్లలో శాస్త్రజ్ఞులు ఒక్కొక్క మెట్టుగ తెలిసికొనిరి.

మొదట కంటిలో ఏమి జరుగునో చూడవలెను. కంటి వెనుకగోడకు రెటీనా యను పలుచని పొర కలదు. బయటి వస్తువుల బొమ్మ దానిమీద తలక్రిందుగ పడును. ఆ పొరలో వెలుగును గ్రహించు కణములు కోట్లకొలది యున్నవి. ప్రతి కణమును తనమీద ఇప్పుడెంత వెలుగు పడుచున్నదో అంతమాత్రమే చెప్పగలదు. ఆ వెలుగు ఎచటినుండి వచ్చినదో, ఎచటికి పోవుచున్నదో దానికి తెలియదు. ఒక క్షణమున పడిన బొమ్మలో రంగు కలదు, ఆకారము కలదు, దిక్కు లేదు. నేటి నిల్వ యొక్కటే చూచినవానికి సొమ్ము పెరుగుచున్నదో తరుగుచున్నదో తెలియునా? నిన్నటి నిల్వను నేటి నిల్వతో పోల్చినగాని తెలియదు. కదలికయు అట్టిదే. మునుపటి బొమ్మను, ఇప్పటి బొమ్మను సరిపోల్చి తీసిన లెక్క అది. కావున దిక్కు అనునది కంటిలో వచ్చి పడు వస్తువు కాదు. లోపల జరుగు విచారణకు ఫలితమైన తీర్పు.

ఇది మాటవరుసకు చెప్పినది కాదు. జర్మనీదేశమున మాక్సు వెర్తైమరు 1912లో ప్రకటించిన పరిశోధన ఇందుకు నిదర్శనము. ఆయన ఒకచోట ఒక గీతను క్షణకాలము చూపి, పిదప ప్రక్కచోట మరియొక గీతను చూపెను. రెంటి నడుమ వ్యవధి సెకనులో అయిదవ వంతు ఉన్నపుడు ఒకదాని తరువాత ఒకటి వచ్చినట్లు చూపరులు చెప్పిరి. వ్యవధి మిక్కిలి తక్కువగ, సెకనులో ముప్పదవ వంతు ఉన్నపుడు రెండును ఒక్కమారే వచ్చినవనిరి. నడిమి వ్యవధిలో, సుమారు పదునారవ వంతున, ఒకే గీత అచ్చటినుండి ఇచ్చటికి జరిగినదనిరి. జరిగినది ఏదియు లేదు. అయినను దిక్కుతోగూడ కదలిక కనబడినది.

సినిమా యంతయు దీనిమీదనే నడచుచున్నది. ఫిలిములో సెకనుకు 24 నిశ్చలచిత్రములు తెరమీద పడును. తెరపై ఏ గుఱ్ఱమును పరుగెత్తదు. పరుగును చూపరి మెదడే కల్పించుకొనును. అందులకే తెరమీద బండిచక్రము ఒక్కొక్కపుడు వెనుకకు తిరుగుచున్నట్లు కనబడును. పండ్రెండు ఆకుల చక్రములో ఆకునకు ఆకునకు నడుమ 30 డిగ్రీల యెడము. ఒక చిత్రమునకును మరుచిత్రమునకును నడుమ చక్రము 25 డిగ్రీలు ముందునకు తిరిగినదనుకొనుడు. అప్పుడు వెనుకనున్న ఆకు, మునుపు ముందరి ఆకు ఉన్నచోటికి 5 డిగ్రీలు ఇవతల నిలుచును. ఆకులన్నియు ఒక్కతీరువే గనుక ఏది యేదో గుర్తింపరాదు. 25 డిగ్రీలు ముందునకు పోయెననుటకంటె 5 డిగ్రీలు వెనుకకు పోయెననుట దగ్గరిమార్గము. మెదడు దగ్గరిమార్గమునే పట్టును. రథము ముందునకు, చక్రము వెనుకకు!

ఇక ఈ పోల్చుట యే విధముగ జరుగును? 1956లో జర్మనీ శాస్త్రజ్ఞులు హాసెన్‌స్టైను, రైఖార్టు అనువారు ఒకజాతి పెంకుపురుగును పరీక్షించి దీనికొక సూత్రమును చెప్పిరి. దానిని ఊరి భాష లోనికి మార్చినచో ఇట్లుండును. ఒక వీధికి తూర్పున నొక కావలివాడు, పడమట నొక కావలివాడు కలరు. బండి తన యెదుటికి రాగానే తూర్పువాడు ఒక ముసలివానిచేత చావడికి కబురంపును. ముసలివాడు మెల్లగ నడచును. పడమటివాడు గంట కొట్టును. అది వెంటనే వినబడును. బండి తూర్పునుండి పడమరకు పోయినచో ముసలివాడు చావడి చేరువేళకే గంటయు మ్రోగును. రెండును కలిసినపుడే చావడిలోని పెద్ద, "బండి పడమరకు పోవుచున్నది" అని వ్రాసికొనును. బండి పడమరనుండి తూర్పునకు వచ్చినచో గంట ముందే మ్రోగి ఆగిపోవును. ముసలివాడు ఎంతోసేపటికి వచ్చును. రెండును కలియవు, పెద్ద ఏమియు వ్రాయడు. అతడు బండిని చూడనేలేదు. అయినను దాని దిక్కు చెప్పగలిగెను. ఎదురుదిక్కునకు వేరొక చావడి, ఉత్తరదక్షిణములకు వేరువేరు చావళ్లు ఉండవలెను.

ఈ యేర్పాటునకు ఒక హద్దు కలదు. బండి మరీ మెల్లగ వచ్చినను, మరీ వేగముగ పోయినను రెండు కబురులును కలియవు. గడియారపు చిన్నముల్లు కదలుట కనబడదు. తుపాకిగుండు పోవుటయు కనబడదు. ఒకదానికి గంటల యాలస్యము, మరియొకదానికి అమితవేగము అడ్డు. ఎండపొడ గోడమీద జరిగినదని తెలియునే కాని, జరుగుచుండగా ఎవ్వరును చూచియుండరు.

ఇట్టి చావళ్లు జీవుల శరీరమున నిజముగ నున్నవి. హొరేసు బార్లో, రిచర్డు హిల్ అనువారు 1963లో కుందేలు రెటీనాలోని కొన్ని నాడీకణములు ఒక దిక్కునకు పోవు వెలుగునకు చురుకుగ పలికి, ఎదురుదిక్కున పోవుదానికి మౌనము వహించుట చూపిరి. అంతకుముందే 1959లో హ్యూబెలు, వీజెలు అనువారు పిల్లి మెదడున దిక్కు నెంచి పలుకు కణములను కనుగొనిరి. వారి దృష్టిపరిశోధనలకు 1981లో నోబెలు బహుమానము లభించెను. మానవునియందును కోతులయందును ఈ పనిలో పెద్దభాగము మెదడుననే జరుగును. తల వెనుకవైపున, చెవులకు వెనుకగా ఇరుప్రక్కల, కదలికకై ప్రత్యేకించిన చిన్న ప్రదేశము కలదు. దానిని శాస్త్రజ్ఞులు ఎం.టి. అని పిలుతురు. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఒక విచిత్రప్రయోగము జరిగెను. చుక్కలు ఏ దిక్కునకు పోవుచున్నవో చెప్పుటకు కోతులకు నేర్పిరి. పిమ్మట ఎం.టి. ప్రదేశమున ఒక దిక్కునకు పలుకు కణములకు స్వల్పముగ విద్యుత్తు నిచ్చిరి. కోతి తీర్పు ఆ దిక్కునకే మ్రొగ్గెను. తెరమీది చుక్కలు మారలేదు. మారినది తీర్పరుల లెక్క.

ఈ తీర్పరులు ఒంటరిగ పనిచేయరు; ఎదురెదురుగ కూర్చుందురు. త్రాసునకు రెండు సిబ్బెలున్నట్లు, క్రింది దిక్కునకు పలుకు కణములు ఒకవైపు, పై దిక్కునకు పలుకునవి మరియొకవైపు ఉండును. ఏదియు కదలనపుడు రెండును సమముగ నుండుటచేత ముల్లు నడుమ నిలుచును. చెరువు అలుగుమీదినుండి జారిపడు నీటిని ఒక నిమిషము రెప్పవాల్చక చూచి, వెంటనే గట్టుమీది రాతిని చూచినచో ఈ సంగతి స్వయముగ తెలియును. రాయి పైకి ప్రాకుచున్నట్లు తోచును. నీటిని చూచిచూచి క్రిందిదిక్కు కణములు అలసియున్నవి, పైదిక్కువి అలయలేదు. కావున త్రాసు అటు మ్రొగ్గినది. ప్రవాహమును చూచిన పిమ్మట కదలని వస్తువులు కదలినట్లు తోచునని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు స్వప్నములను గూర్చిన తన గ్రంథమున వ్రాసెను. 1834లో రాబర్టు ఆడమ్సు అను నాతడు స్కాట్లండునందలి ఫాయర్సు జలపాతమువద్ద దీనినే గమనించి ప్రకటించెను. ఇందొక వింత కలదు. రాయి పైకి పోవుచున్నట్లే యుండును, కాని ఉన్నచోటనే యుండును! కదలికను లెక్కించు శాఖ వేరు, స్థానమును లెక్కించు శాఖ వేరు అనుట కిది ప్రమాణము.

మరియొక చిక్కు కలదు. ప్రతి కణమును లోకమును ఒక చిన్న కిటికీగుండ చూచును. ఇంటిలోనున్నవానికి కిటికీగుండ ఒక నున్నని పొడవైన ఇనుపకడ్డీ ఏటవాలుగ కనబడినదనుకొనుడు. దాని కొనలు చట్రమునకు వెలుపల నున్నవి. బయటివారు దానిని కుడివైపునకు మోసికొనిపోయినను, తిన్నగ క్రిందికి దించినను, కిటికీలో కనబడు మార్పు ఒక్కటియే. కడ్డీ తన పొడవుదిక్కున జరిగినది ఏమాత్రము కనబడదు. అడ్డముగ జరిగినది మాత్రమే కనబడును. హాన్సు వాలకు 1935లో ఈ చిక్కును విపులముగ విచారించెను. పాశ్చాత్యదేశములలో మంగలి అంగళ్లముందు ఏటవాలు చారల స్తంభము గిరగిర తిరుగుచుండును. స్తంభము అడ్డముగ తిరుగుచున్నను చారలు నిలువుగ ప్రాకుచున్నట్లే కనబడును.

ఇది అంధగజన్యాయము వంటిది. ఏనుగును తడిమిన ఒక్కొక్కరి మాటయు వట్టి అబద్ధము కాదు. ఏ యొక్కటియు సంపూర్ణసత్యమును కాదు. అందరి మాటలను కూర్చి చూచు పెద్ద కావలెను. ఆ పెద్దఱికము ఎం.టి. ప్రదేశమున కొంతవరకు జరుగును. అచ్చటి కొన్ని కణములు ముక్కల దిక్కును గాక మొత్తము వస్తువు పోవు దిక్కును పలుకునని 1985లో ప్రకటితమయ్యెను. కడ్డీ కొనలు, మూలలు, మచ్చలు దీనికి ముఖ్యసాక్షులు. కొన కనబడినంతనే సందేహము తీరును.

ఇంతవరకు చెప్పినది బొమ్మ కదలుటను గూర్చి. కాని కన్నే కదలినచో? చూపు త్రిప్పినప్పుడెల్ల బొమ్మ రెటీనాపై జరుగును. అయినను ఇల్లు కదలినట్లు తోచదు. ఒక కన్ను మూసి, తెరచిన కంటి వెలుపలి కొనను రెప్పమీదుగ వ్రేలితో మిక్కిలి మెల్లగ నొక్కినచో లోకమంతయు కదలును. ఈ భేదమును పందొమ్మిదవ శతాబ్దమున హెల్మ్‌హోల్ట్జు విచారించెను. 1950లో ఫాన్ హోల్‌స్టు, మిటెల్‌స్టెట్ అనువారు దానికి స్పష్టరూప మొసగిరి. కన్ను త్రిప్పుమని మెదడు తాఖీదు పంపునపుడు, దాని నకలొకటి చూపును విచారించు శాఖకును చేరును. ఆ శాఖ నకలు చూచి, అంతమేరకు కదలికను తీసివేయును. వ్రేలు నొక్కినపుడు తాఖీదు లేదు, నకలును లేదు. కావున కదలిక అంతయు లోకము ఖాతాలో పడును.

ఇప్పుడు పసివాని ప్రశ్నకు జవాబు చెప్పవచ్చును. 1929లో డుంకరు అను శాస్త్రజ్ఞుడు చీకటిగదిలో ఒక వెలుగుచుక్కను, దాని చుట్టును ఒక చట్రమును చూపెను. చట్రమును మెల్లగ జరిపినపుడు చుక్కయే ఎదురుదిక్కునకు పోయినట్లు చూపరులు చెప్పిరి. చుట్టుకొనియున్న పెద్దదానిని నిలుకడగను, అందున్న చిన్నదానిని చలించునదిగను ఎంచుట మెదడు అలవాటు. ఇల్లు నిలుచును, అందు పిల్లి తిరుగును. చెట్టు నిలుచును, కొమ్మలలో పిట్ట తిరుగును. నిత్యజీవితమున ఈ యూహ ప్రాయికముగ సత్యమే. మబ్బులు పెద్దవి, చంద్రుడు చిన్నవాడు; కావున చంద్రుని పరుగెత్తించును.

ఈ తీర్పు కొంచెము తప్పినను నవ్వి యూరకొనవచ్చును. అసలు తీర్పరియే లేకపోయిన గతి యేమి? 1983లో జర్మనీలోని మ్యూనిఖునగరమునకు చెందిన యోసెఫ్ త్సీలు మొదలగు వైద్యశాస్త్రజ్ఞులు ఒక స్త్రీ వృత్తాంతమును ప్రకటించిరి. మెదడు రక్తనాళమున గడ్డ యేర్పడుటచే ఆమె మెదడు వెనుకభాగము ఇరువైపుల దెబ్బతినెను. ఆమె రంగులు గుర్తించెడిది, వస్తువులను, మొగములను గుర్తించెడిది, చదువగలిగెడిది. కదలిక మాత్రము కనబడదు. గిన్నెలో తేనీరు పోయునపుడు ధార గడ్డకట్టిన మంచువలె నిలిచియుండెడిది. గిన్నె నిండుచుండుట కనబడకపోవుటచే ఎప్పుడాపవలెనో తెలిసెడిది కాదు. గదిలోని మనుష్యులు నడచుట కనబడదు. ఇక్కడ నుండిరి, ఇప్పుడక్కడ నున్నారు, అంతే. వీధి దాటుట ఆమెకు భయంకరము. దూరమున నున్న కారు, దాటబోవువేళకు హఠాత్తుగ ప్రక్కనే యుండెడిది. కాలక్రమమున ఆమె చెవిని ఆశ్రయించి, బండ్ల చప్పుడునుబట్టి దూరము నెంచ నేర్చికొనెను. దిక్కు తెలియుట యెంతటి భాగ్యమో ఆమె కథ చెప్పుచున్నది. నేత్రములు చెడలేదు, నేత్రములు తెచ్చిన సాక్ష్యమును విచారించు సభ చెడినది.

తీర్పరి చక్కగ నున్నవారికిని ఒక దిక్కు మిక్కిలి కష్టము. అది తమవైపు తిన్నగ వచ్చుదాని దిక్కు. ప్రక్కగ పోవు వస్తువు బొమ్మ రెటీనాపై జరుగును. తిన్నగ వచ్చుదాని బొమ్మ జరుగదు; పెద్దదగును, అంతే. గంటకు 90 కిలోమీటర్ల వేగముతో వచ్చు రైలు సెకనుకు 25 మీటర్లు నడచును. 500 మీటర్ల దూరమునుండి 250 మీటర్లకు వచ్చుసరికి దాని బొమ్మ రెండింత లగును. అందుకు 10 సెకనులు పట్టును. తరువాతి రెట్టింపునకు 5 సెకనులే. ఆ తరువాతిదానికి రెండున్నర సెకనులే. మొదట ఎదుగనట్లుండి, తుదకు ఒక్కమారు మీదపడునట్లు కనబడును. రైలు నిజముగ ఒకే వేగముతో వచ్చినది. దీనికితోడు, ఒకే వేగమున పోవుచున్నను పెద్ద వస్తువు చిన్నదానికంటె మెల్లగ పోవునట్లు తోచుననియు, రైలుగేట్ల ప్రమాదములకు ఇది యొక కారణమనియు అమెరికా శాస్త్రజ్ఞుడు లైబోవిట్జు 1985లో వాదించెను.

పిల్లల విషయమున మరింత జాగ్రత్త కావలెను. ప్రాథమిక పాఠశాలలో చదువు వయస్సు పిల్లలు, గంటకు సుమారు 32 కిలోమీటర్లకు మించిన వేగముతో తిన్నగ వచ్చు వాహనము సమీపించుటను నమ్మకముగ కనిపెట్టజాలకపోవచ్చునని 2011లో ప్రకటించిన పరిశోధన తెలుపుచున్నది. అది పిల్లవాని అల్లరి కాదు, అశ్రద్ధయు కాదు. వాని దృష్టిశక్తి ఇంకను పండలేదు. "చూచికొని దాటు" అని చెప్పి పంపుట చాలదు. వాని చేయి పట్టుకొని దాటించుట పెద్దల విధి.

కావున ప్రతివారును జ్ఞాపకముంచుకొనవలసినవి మూడు మాటలు. ప్రక్కకు జరుగక, ఉన్నచోటనే యున్నట్లుండి పెద్దదగుచున్న వస్తువు తనమీదికే వచ్చుచున్నదని గ్రహింపవలెను. రైలు మెల్లగ వచ్చుచున్నదని కన్ను చెప్పినచో, ఆ మాటను నమ్మక ఆగవలెను. రాత్రివేళ ఒంటిదీపముతో వచ్చుదాని దూరమును, వేగమును కంటితో తేల్చుకొంటినని యెన్నడును అనుకొనరాదు.

ఇక సాక్షి మాట. ఒకే సంఘటనను ఇద్దరు చూచి, బండి ఇటు వచ్చినదని యొకరు, అటు పోయినదని యొకరు చెప్పినపుడు ఇద్దరిలో నొకరు అబద్ధీకుడని తలచుట లోకాచారము. అట్లు తలచి ఊళ్లలో తరతరముల పగలు పెంచుకొన్న కుటుంబములు కలవు. ఒకరు పడవలో నుండి చూచియుండవచ్చును, ఒకరు గట్టుమీదినుండి; ఒకరికి కడ్డీ కొన కనబడియుండవచ్చును, ఒకరికి కనబడకపోవచ్చును. ఎచట నిలిచి చూచిరి, ఎంతసేపు చూచిరి, వెలుగెంత యుండెను, చుట్టును కదలునవి యేవి యుండెను అని యడిగిన పిదపనే సాక్ష్యమునకు విలువ కట్టవలెను. మెదడు తన లోపల చేయుచున్నదియు ఇదియే.

కన్ను అబద్ధీకురాలని చెప్పుట ఈ యుపన్యాసమునకు ఉద్దేశము కాదు. దినమునకు వేలకొలది తీర్పులను రెప్పపాటులో నిచ్చి, ప్రాయికముగ అన్నిటిని సరిగనే యిచ్చు ధర్మాసనమది. కాని ఏ ధర్మాసనమునకైనను పునర్విచారణ యుండవలెను. కంటి తీర్పునకు పునర్విచారణ చేయునది విద్య. ఆ విద్య గ్రామమున నిరువదియైదేండ్లుగ నిలిచియున్న చోటు ఈ గ్రంథాలయము. పున్నమిరాత్రి తాతయు మనుమడును ఒక్క చంద్రునే చూతురు. ఇరువురికిని అతడు పరుగెత్తుచున్నట్లే కనబడును. మనుమడు దానిని నమ్మును, తాత నమ్మడు. వారిరువురకు నడుమనున్న భేదము కన్నులలో లేదు, ఆ మాట చెప్పినవారి వలన కలిగినది. తాతకు తెలిసినది మనుమనికిని తెలియుటకే గ్రంథములున్నవి.